‘బాగానే చూసుకుంటున్నారమ్మా’ అని అందరూ అంటుంటే, పెద్దవాళ్లకి అండ ఉందో లేదో కొలవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్నారు. గుంటూరు జిల్లాలో రెండు పల్లెల్లో 60 దాటినవాళ్లను 150 మందిని కలవాలి. చుట్టూ ఉన్నవాళ్లు తమకు ఎంత అండగా ఉన్నారని వాళ్లు అనుకుంటున్నారో కొలవాలి. గైడ్ గారు ఎంఎస్‌పీఎస్‌ఎస్ స్కేలు (తనకు ఎంత అండ ఉందని మనిషి అనుకుంటున్నాడో పన్నెండు వాక్యాలతో కొలిచే ప్రశ్నావళి) వాడమన్నారు. పైలట్‌గా, అంటే అసలు సర్వేకి ముందు ప్రయత్నంగా, 15 మందిని అడిగితే 13 మందికి దాదాపు ఫుల్ మార్కులొచ్చాయి. ‘స్కేలు మార్చాలా, లేక వీళ్లు నిజంగానే అంత హాయిగా ఉన్నారా?’ అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. స్కేలు మార్చకండి, అడిగే తీరు మార్చండి. పెద్దవాళ్లను విడిగా కూర్చోబెట్టి, వాళ్లు మాట్లాడుకునే తెలుగులో అడగండి. దాని పక్కన లబ్బెన్ స్కేలులోని ఆరు ప్రశ్నలు పెట్టండి, తోడుగా ఎంతమంది ఉన్నారో లెక్క అడిగేవి అవి. చివర్లో ఈ మధ్య నిజంగా జరిగిన ఒక కష్టం గురించి చెప్పించండి. మీ 13 మందిలో కొందరు నిజంగా హాయిగా ఉండి ఉండొచ్చు, కాదనను. కానీ మీరు అడుగుతున్నప్పుడు మంచం పక్కన ఎవరు నిలబడి ఉన్నారో మీరు రాయలేదు. నా అనుమానమంతా అక్కడే.

కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చెప్తూ, విద్యార్థుల్ని వెంటేసుకుని ప్రశ్నావళులతో పల్లెలు తిరగడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. మీరు చేసిన తప్పు మొదటి రెండేళ్లు నేనూ చేశాను. అప్పట్లో ఒకాయన నులక మంచం మీద కూర్చుని నా పన్నెండు ప్రశ్నలకీ ‘ఆఁ, ఉన్నారు, చూస్తారు’ అన్నాడు. కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటున్నాడు. నేను సంతోషంగా 84కి 84 వేసుకుని వచ్చేశాను. రెండు రోజుల తర్వాత బీపీ చూడ్డానికి అదే వీధికి వెళ్తే, ఆయన టీ కొట్టు దగ్గర ఒక్కడే కనిపించాడు. ‘అమ్మాయ్, మొన్న నువ్వడిగావు చూడు, కష్టం చెప్పుకోడానికి ఎవరున్నారని. నాకున్నది ఈ టీ కొట్టాయనే’ అన్నాడు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

మన ఊళ్లలో ‘మీవాళ్లు బాగా చూసుకుంటున్నారా?’ అన్నది క్షేమ సమాచారం అడిగే ప్రశ్న కాదు, ఇంటి పరువు గురించిన ప్రశ్న. దానికి ఒకటే జవాబు ఉంటుంది. బయటి మనిషి ముందు కొడుకుని తక్కువ చేసి మాట్లాడే తల్లి అరుదు. అంచేత ఆ వాక్యం మీ నోట రాకూడదు, పరిచయం చేసుకునేటప్పుడు కూడా. చాలామంది విద్యార్థులు మాట కలపడానికని అదే ముందు అడిగేసి, ‘బాగానే చూస్తారమ్మా’ అనిపించుకుని, ఆ తర్వాత స్కేలు తీస్తారు. ఒకసారి ఆ మాట అన్నాక పెద్దావిడ దానికి కట్టుబడి ఉండాల్సిందే కదా.

ఇక స్కేలు సంగతి. జిమెట్, ఆయన సహచరులు 1988లో దీన్ని ప్రచురించారు. 12 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కులు. నాలుగు కుటుంబం గురించి (3, 4, 8, 11), నాలుగు స్నేహితుల గురించి (6, 7, 9, 12), మిగిలిన నాలుగు ‘ఒక ప్రత్యేకమైన వ్యక్తి’ గురించి (1, 2, 5, 10). గమనించారో లేదో, పన్నెండూ ఒకే వైపు తిరిగిన వాక్యాలే. ‘నాకు ఎవరూ లేరు’ లాంటి ఎదురు వాక్యం ఒక్కటీ లేదు. పెద్దవాళ్లు మర్యాద కోసం ఊ కొట్టుకుంటూ పోతే మార్కులు వాటంతటవే పైకి పోతాయి. పైగా కొందరు అన్నిటికీ ఊ కొట్టి, మరికొందరు కొట్టకపోతే క్రాన్‌బాక్ ఆల్ఫా (స్కేలులోని వాక్యాల పొందిక చూపే అంకె) కూడా పెరుగుతుంది. ఆల్ఫా 0.9 వచ్చిందని థీసిస్‌లో సంబరంగా రాస్తారు. వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసి నడిచాయనే అది చెప్తుంది. ఎటు నడిచాయో చెప్పదు.

‘ప్రత్యేకమైన వ్యక్తి’ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు అందరూ బోల్తా పడేది ఇక్కడే. అమెరికాలో ఆ మాటకి భర్తో భార్యో ప్రేమించినవాళ్లో మనసులో మెదులుతారు. మన దగ్గర డెబ్బై ఏళ్ల వితంతువుని ‘మీ జీవితంలో ప్రత్యేకమైన వ్యక్తి ఉన్నారా?’ అని నా విద్యార్థిని ఒకమ్మాయి అడిగితే, ఆవిడ చీపురు తియ్యలేదు గానీ అంత పనీ చేసింది. పక్కింటావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. మరోచోట ఒకాయన ‘వెంకటేశ్వరస్వామి’ అన్నాడు, ఇంకొకావిడ ‘ప్రభువు’ అంది. ఆ జవాబులు అబద్ధం కావు, వాళ్లకి అదే అండ. కానీ స్కేలు అడిగేది మనుషుల గురించి. నేనైతే ఇలా అడుగుతాను: ‘మీకు బాగా కావల్సిన మనిషి, అన్నీ చెప్పుకోగలిగిన మనిషి ఎవరైనా ఒకరున్నారా? ఇంట్లోవాళ్లైనా సరే, బయటివాళ్లైనా సరే.’ ఎవరో చెప్పాక (పేరు వద్దు, వరస రాసుకోండి చాలు) ఆ నాలుగు వాక్యాలూ ఆ మనిషిని మనసులో పెట్టుకుని చెప్పమంటాను. చాలామంది కూతురి పేరు చెప్తారు. అలాంటప్పుడు కుటుంబం మార్కులూ ఈ మార్కులూ కలిసిపోతాయి. కంగారు పడకండి. కొన్ని భాషల్లో ఈ మూడు భాగాలు విశ్లేషణలో రెండుగా కలిసిపోయిన సందర్భాలు ఉన్నాయి. మీకూ అలా వస్తే, వచ్చినట్టే రాయండి.

‘కుటుంబం’ అన్న మాటా అంత తేలిక కాదు. ఒకావిడకి ముగ్గురు కొడుకులు. నెలకొకరి దగ్గర వంతు. నేను వెళ్లింది రెండోవాడి వంతు నెలలో. ‘నా కుటుంబం నాకు నిజంగా సాయపడాలని చూస్తుంది’ అన్న అర్థంలో వాక్యం చదివితే ఆవిడ నన్నే అడిగింది, ‘ఏ ఇల్లమ్మా?’ అని. పెద్దకొడుకు దగ్గర ఆవిడకి అడక్కుండానే కాఫీ వస్తుంది. మూడో ఇంట్లో కంచం తనే కడుక్కుని బోర్లించాలి. సగటు తీసి 5 వెయ్యమంటారా? నేను ‘మొత్తం మీద’ అని అడిగి ఒక అంకె వేసి, పక్కన వంతు వివరం రాశాను. మీరు వెళ్లే ఊళ్లలో వంతుల ఇళ్లు తప్పకుండా ఉంటాయి. ప్రశ్నావళి ముందు పేజీలోనే ఒక గడి పెట్టండి: ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటున్నారు, ఎన్నాళ్లుగా, ఇది వంతా, స్థిరమా, ఆస్తి పంపకం అయిపోయిందా. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. ‘నిర్ణయాలు తీసుకునేటప్పుడు మావాళ్లు తోడుంటారు’ అన్న అర్థం వచ్చే 11వ వాక్యానికి పొలం పంచేసిన మనిషి ఇచ్చే జవాబు వేరు. ‘ఇంక నేను తీసుకునే నిర్ణయాలు ఏమున్నాయి’ అన్న మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను.

అనువాదం గురించి మీరు ‘ముందు తెలుగులోకి, మళ్లీ వేరేవాళ్లతో ఇంగ్లీషులోకి చేయించాం, సరిగ్గా కలిసింది’ అని రాశారు. అంత బాగా కలవడమే నాకు భయం. మక్కికి మక్కి అనువాదం వెనక్కి చేస్తే ఎప్పుడూ సరిగ్గానే కలుస్తుంది. నేను చూసిన ఒక ప్రతిలో స్నేహితుల మీద భరోసా గురించిన వాక్యాన్ని ‘నేను నా స్నేహితులను లెక్కించగలను’ అని రాశారు. వెనక్కి చేస్తే ఇంగ్లీషు అచ్చంగా వచ్చింది! పాపం పెద్దాయన వేళ్లు లెక్కపెట్టి ‘నలుగురు’ అన్నాడు. కాబట్టి రెండు వైపుల అనువాదం అయ్యాక ఆరేడుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివి ‘మీకేమర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’ అని అడగండి. ఒక పూట పని. దీనితో నేను మార్చుకున్నవి కొన్ని చెప్తాను. ‘సమస్యల గురించి మాట్లాడటం’ తీసేసి ‘కష్టసుఖాలు చెప్పుకోవడం’ అన్నాను. ‘భావోద్వేగ సహాయం’ అంటే ఎవరికీ తెలీదు, ‘మనసు బాగాలేనప్పుడు ధైర్యం చెప్పడం’ అంటే అందరికీ తెలుసు. ‘స్నేహితులు’ అన్నప్పుడు ఆడవాళ్లు ‘ఈ వయసులో నాకు స్నేహితులేంటి’ అంటారు. ‘ఇరుగుపొరుగు, తోటివాళ్లు, గుడికో చర్చికో కలిసి వెళ్లేవాళ్లు, పనికి జట్టుగా వెళ్లినవాళ్లు’ అని విడమర్చండి. అలా మార్చిన ప్రతి మాటా మీ థీసిస్‌లో ఉండాలి, దాచకండి.

ఏడు మెట్ల జవాబు చదువురానివాళ్లకు కష్టమని మూడు మెట్లకు కుదించాలనుకుంటున్నారు కదా. వద్దు. కుదిస్తే మీ అంకెలు ఇంకెవరి అంకెలతోనూ పోల్చలేరు. రెండు విడతల్లో అడగండి. మొదట ‘అవునా, కాదా, ఇటూ అటూ కాదా?’ అని అడగండి. అవునంటే ‘పూర్తిగా అవునా, చాలావరకా, ఏదో కొంచెమా?’ కాదంటే కూడా అదే వరస. మూడు, మూడు, మధ్యలో ఒకటి, ఏడు మెట్లూ వచ్చేశాయి. పెద్దవాళ్లకి ఒకేసారి మూడు మాటల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఈ ‘ఏదో కొంచెమా’ అన్న రెండో ప్రశ్న దగ్గరే అసలు మాట బయటికొస్తుంది. అవునని గబుక్కున అన్నవాళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగుతారు.

విడిగా కూర్చోబెట్టడం ఎలా అంటారా? ఇది పద్ధతి కన్నా వేళ చూసుకోవడం మీద ఆధారపడిన పని. మిరప కోతల రోజుల్లో పొద్దున తొమ్మిది దాటితే ఇంట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లలే మిగుల్తారు. అప్పుడు వెళ్లండి. లేదంటే ఇద్దరు జంటగా వెళ్లండి. ఒకరు కోడలికి బీపీ చూసి, పిల్లల టీకాల కార్డు అడుగుతూ కూర్చుంటే, ఇంకొకరు పెద్దావిడతో అరుగు మీద మాట్లాడొచ్చు. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర పెట్టించేటప్పుడు సాక్షి సంతకానికి కొడుకుని పిలవకండి. సాక్షి కుటుంబానికి చెందని మనిషై ఉండాలి, లేకపోతే కాగితం అంతా విన్న కొడుకు ఎక్కడికీ కదలడు.

చెవుడు ఇంకో చిక్కు. గట్టిగా అరిచి ‘మీ కోడలు మీ మాట వింటుందా’ అని అడిగితే వీధంతా వింటుంది, ఆవిడ ‘బంగారం’ అంటుంది. మీ మెడలో స్టెతస్కోపు ఉంది కదా. చెవుల్లో పెట్టుకునే కొసలు పెద్దావిడకు పెట్టి, ఛాతీ మీద ఆనించే బిళ్ల దగ్గర మీరు మామూలు గొంతుతో మాట్లాడండి. చాలామందికి చక్కగా వినిపిస్తుంది. తర్వాత స్పిరిట్‌తో తుడవడం మర్చిపోకండి.

మన రాష్ట్రంలో ఇంకో సంగతి కూడా ఉంది, పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు, ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చిస్తారు. కాగితం, పెన్ను పట్టుకుని ఎవరొచ్చినా పెద్దవాళ్లకి గుర్తొచ్చేది అదే. ‘పిల్లలు బాగా చూస్తున్నారని చెప్తే పింఛను తీసేస్తారేమో’ అని ఒకరు, ‘ఎవరూ లేరంటే ఇంకేమైనా వస్తుందేమో’ అని ఇంకొకరు లెక్క వేసుకుంటారు. దీనికీ పింఛనుకీ సంబంధం లేదని మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి చెప్పండి. ఒకటో తారీఖు చుట్టుపక్కల రెండు మూడు రోజులు వదిలేయండి. సంక్రాంతి వారం కూడా. పిల్లలంతా వచ్చి ఇల్లు కళకళలాడుతున్నప్పుడు ఇచ్చే జవాబు ఏడాది మొత్తానికి సరిపోదు.

ఇప్పుడు లబ్బెన్ స్కేలు ఎందుకన్నానో చెప్తాను. ఆరు ప్రశ్నలది వాడండి. మూడు బంధువుల గురించి, మూడు స్నేహితుల గురించి: నెలకు ఒక్కసారైనా కలిసేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఎంతమంది, మనసులో మాట చెప్పుకోగలిగినవాళ్లు ఎంతమంది, సాయం అడగగలిగినవాళ్లు ఎంతమంది. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 30. 12 కన్నా తక్కువ వస్తే నలుగురికీ దూరమై ఏకాకి అయ్యే ముప్పు ఉన్నట్టు లెక్క. ‘మంచివాళ్లేనా’ అని కాకుండా ‘ఎంతమంది’ అని అడుగుతుంది కాబట్టి పరువు అడ్డురాదు. ‘నెలలో ఎవరితో మాట్లాడారు’ అంటే పెద్దవాళ్లు నిజంగానే గుర్తుచేసుకుని చెప్తారు. కుటుంబం మార్కులు 28కి 28 వచ్చి, లబ్బెన్‌లో మనసు విప్పి చెప్పుకునే బంధువులు సున్నా అని వచ్చిందంటే, ఆ కాగితాన్ని పక్కన పెట్టి మళ్లీ వెళ్లాల్సిందే.

అలాగని, సాయం ఎంత అందుతోందో లెక్కపెడితే చాలు, వాళ్లేమనుకుంటున్నారో ఎందుకు అని మాత్రం అనకండి. అందిన సాయం వేరు, అండ ఉందన్న ధీమా వేరు. నగరంలో అపార్ట్‌మెంటులో ఉండే ఒక రిటైర్డ్ టీచరు గారికి వంటమనిషి ఉంది, రాత్రి తోడుకి మనిషి ఉంది, అమెరికా నుంచి కూతురు రోజూ వీడియో కాల్ చేస్తుంది. ఎంఎస్‌పీఎస్‌ఎస్ సగటు 3 కూడా దాటలేదు. ‘కాల్‌లో మందులు వేసుకున్నావా, వాచ్‌మన్ వచ్చాడా అని అడిగి పెట్టేస్తుంది. నన్ను చూసుకోవడం దానికి ఒక డ్యూటీ’ అన్నారు. అటు పల్లెలో ఒక ముసలమ్మ పూరింట్లో ఉంటుంది. కూలికి వెళ్లే కోడలు ఎప్పుడో రాత్రికి వస్తుంది. అయినా మార్కులు ఎక్కువే, అదీ విడిగా అడిగినప్పుడే. మనవణ్ణి చూసుకునేది ఆవిడే. ‘నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు’ అంది. ఆ ధీమా ఎక్కడి నుంచి వస్తోందో చూశారా? తీసుకోవడం నుంచి కాదు, ఇవ్వడం నుంచి. ఇవ్వడం గురించి ఈ రెండు స్కేళ్లూ అడగవు. వీలైతే ‘మీరు ఎవరికైనా ఆసరాగా ఉన్నారా?’ అన్న ఒక్క ప్రశ్న మీరే చేర్చుకోండి, మొత్తంలో కలపకుండా విడిగా.

ఒంటరిగా ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా అన్న గడి మీద మాత్రం ఎక్కువ కథ అల్లకండి. 2010లో హోల్ట్-లున్‌స్టాడ్ అనే పరిశోధకురాలి బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షల పైచిలుకు మందిని కలిపి చూసింది. సంబంధాలు బలంగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. కానీ అందులో అన్నిటికన్నా బలహీనమైన కొలత ఇదే, ఒంటరిగా ఉంటున్నారా లేదా అన్నది. ఒకే కప్పు కింద ఉండి రోజుకు నాలుగు మాటలు కూడా దొరకని పెద్దవాళ్లను చూసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు మీ శాంపిల్‌లో ఎక్కువుంటే ఇంకొకటి. ఎంఎస్‌పీఎస్‌ఎస్ ఎక్కువగా మనసుకి సంబంధించిన అండ గురించి అడుగుతుంది. మంచాన పడితే చూసేవాళ్లు, ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు, వండి పెట్టేవాళ్లు ఉన్నారా అన్నది 1991 నాటి ఎంఓఎస్ సర్వేలో (అండనే కొలిచే ఇంకో ప్రశ్నావళి) ఒక విడి భాగంగా ఉంది. ఆ నాలుగు ప్రశ్నలు చేర్చుకోవచ్చు. మీ ఊళ్లలో అలాంటివాళ్లు నలుగురో ఐదుగురో అయితే అక్కర్లేదు, ప్రశ్నావళి పెరిగితే పెద్దవాళ్లు అలిసిపోతారు. మొత్తం అరగంట దాటనివ్వకండి.

చివర్లో అడగమన్న ఆ కష్టం ప్రశ్న ఎలా అడుగుతానంటే: ‘ఈ మధ్య జ్వరమో, పడిపోవడమో, ఏదైనా ఇబ్బంది వచ్చిందా? ఆ రోజు ముందు ఎవరికి చెప్పారు? ఎవరొచ్చారు? ఎంతసేపటికి?’ దీనికి మార్కులు వెయ్యకండి. రెండు లైన్లు రాసుకోండి. చర్చ అధ్యాయంలో మీ పట్టికలన్నిటికన్నా ఇవే పనికొస్తాయి.

లెక్కల విషయంలో ఒక్క మాట. సగటు 1 నుంచి 2.9 తక్కువ, 3 నుంచి 5 మధ్యస్థం, 5.1 నుంచి 7 ఎక్కువ అన్న విభజన అందరూ వాడతారు. అది సౌకర్యం కోసం గీసిన గీత, రోగనిర్ధారణ కాదు. 5.0 వచ్చిన తాతకీ 5.1 వచ్చిన తాతకీ తేడా ఏముంటుంది? సగటునే సగటుగా విశ్లేషించండి, గైడ్ గారు పట్టుబడితే పట్టిక కూడా ఇవ్వండి. అడిగినప్పుడు ఇంకెవరైనా ఉన్నారా లేదా అన్నది తప్పనిసరిగా నమోదు చేసి, ఆ రెండు గుంపుల మార్కులూ పోల్చండి.

ఇంకొకటి, ఇది మీ ఎథిక్స్ కాగితంలో లేదని నా ఊహ. విడిగా కూర్చోబెట్టి అడిగితే నిజాలు బయటికొస్తాయి. తిండి పెట్టడం లేదని చెప్తారు, కొట్టారని చెప్తారు, చచ్చిపోవాలనుందని కూడా చెప్తారు. అప్పుడు పెన్ను మూసి వచ్చేయడానికి లేదు. పెద్దల సహాయవాణి 14567, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి దగ్గర ఉంచుకోండి. పోషణ కోసం 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద సబ్ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే కొడుకు మీద అర్జీకి ఒప్పుకునే తల్లిదండ్రులు తక్కువ. వాళ్లని బలవంతపెట్టకండి, వాళ్లకి తెలియకుండా కొడుకుతో మాట్లాడకండి కూడా. మీరు వచ్చేశాక ఆ ఇంట్లో ఉండాల్సింది వాళ్లు. చచ్చిపోవాలనుందన్న మాట మాత్రం అలా వదలకూడదు. అదే రోజు మీ గైడ్‌కి, పీహెచ్‌సీ డాక్టరుకి చెప్పాలి. అలాంటి మాట వస్తే ఫలానావాళ్లకు చెప్తామని ముందే ఒప్పుకోలు కాగితంలో రాయండి.

ఇప్పుడు చేయాల్సిన పని: ఆ 13 మందిలో ఐదుగురిని ఎంచుకోండి. పొద్దున పూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రెండు విడతల పద్ధతిలో మళ్లీ అడగండి. పైలట్‌లోవాళ్లను ఎలాగూ అసలు శాంపిల్‌లో కలపరు కాబట్టి ఇబ్బంది లేదు. మార్కులు కదలకపోతే నా అనుమానం తప్పని ఒప్పుకుంటాను. కదిలితే ఎంత కదిలాయో, మొదటిసారి పక్కన ఎవరున్నారో ఇక్కడే రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.